విక్కా వేరు, డ్రూయిడ్ మార్గం వేరు. చుట్టరికం మాత్రం నిజం

సంపాదకులకు నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తెల్లవారుజామున ఆ రాళ్ల నడుమ తెల్లని అంగీలు ధరించి నిలబడినవారి ఫొటో కింద, వారు విక్కా అనే ప్రాచీన మతానికి చెందిన డ్రూయిడ్ పూజారులని రాశారు. ఆ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు మార్గాలు ఒకటైపోయాయి, పైగా ఆ రెండింటికీ లేని ప్రాచీనత వచ్చి చేరింది. వ్యాసంలో మరోచోట వీరిని క్షుద్రశక్తుల ఉపాసకులని కూడా అన్నారు. మతాల చరిత్రను చాలాకాలంగా చదువుతున్న పాఠకుడిగా దీన్ని చూసి ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. విక్కా (దేవినీ కొమ్ముల దేవుణ్ణీ ఆరాధించే ఆధునిక మంత్రసాధనా మతం), డ్రూయిడ్రీ (ప్రాచీన సెల్టిక్ పూజారులైన డ్రూయిడ్‌ల పేరు పెట్టుకున్న ఆధునిక సాధన) అనే ఈ రెండు మార్గాలకు ఇరవయ్యో శతాబ్దం నడుమ ఒకే ఊళ్లో, ఒకే స్నేహ వలయంలో సంబంధం కుదిరింది. అయినా వాటి పుట్టుక వేరు, స్వభావం వేరు, ఉపాసనలో వెతుక్కునేది కూడా వేరు. ఆ తేడా తెలియకపోతే ఆ చుట్టరికం కూడా అర్థం కాదు.

ముందుగా ఆ రాళ్ల సంగతి. స్టోన్‌హెంజ్ నిర్మాణం క్రీ.పూ. 3000 ప్రాంతంలో మొదలైంది. ఇప్పుడు మనకు కనిపించే భారీ శిలలను క్రీ.పూ. 2500 ప్రాంతంలో నిలబెట్టారు. డ్రూయిడ్‌ల గురించి మనకు దొరికే వివరమైన ప్రస్తావనలు అంతకు రెండు వేల సంవత్సరాలు దాటిన తరువాతివి. ఆ కట్టడం డ్రూయిడ్‌ల ఆలయమై ఉంటుందని 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రీ ఊహించారు, 1740లో విలియం స్టక్లీ తన గ్రంథంతో ఆ ఊహకు విస్తృత ప్రచారం కల్పించారు. శిలల వయసును లెక్కగట్టే శాస్త్రం ఇంకా పుట్టని రోజులవి కాబట్టి వారిని తప్పుపట్టనక్కరలేదు. కానీ నేటికీ పత్రికలు ఆ ఊహనే సత్యంగా అచ్చువేయడం బాధ కలిగిస్తుంది. తెల్లని అంగీలతో అక్కడ నిలబడే సంప్రదాయం మాత్రం డ్రూయిడ్ సంఘాలదే, విక్కాది కాదు. అది కూడా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్థిరపడింది.

ప్రాచీన డ్రూయిడ్‌లు ఉన్నారన్నది నిజమే. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో గాల్ దేశంపై (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) దండెత్తిన జూలియస్ సీజర్ వారి గురించి రాశాడు: వారు యజ్ఞయాగాలు నిర్వహించేవారనీ, తగాదాలు తీర్చేవారనీ, యుద్ధసేవ నుంచీ పన్నుల నుంచీ వారికి మినహాయింపు ఉండేదనీ, తమ విద్యను లిపికి ఎక్కించకుండా కంఠస్థం చేయించేవారనీ, కొందరు ఇరవై ఏళ్ల పాటు చదువులోనే ఉండేవారనీ అతని కథనం. చంద్రుని ఆరో రోజున తెల్లని వస్త్రాలు ధరించిన పూజారి ఓక్ చెట్టెక్కి, దానిపై పెరిగే బదనిక జాతి మొక్కను బంగారు కొడవలితో కోసేవాడని ప్లినీ రాశాడు. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సైన్యం వేల్స్ పక్కనున్న మోనా ద్వీపంపై పడి, అక్కడి పవిత్ర వనాలను నరికివేసిందని టాసిటస్ చెప్పాడు. గమనించవలసిందేమంటే, ఈ ముగ్గురూ రోమన్లే. డ్రూయిడ్‌లు తమ గురించి తాము రాసుకున్నది ఒక్క పంక్తి కూడా మిగలలేదు. వారు ఏ మంత్రాలు చదివారో, ఏ క్రమంలో పూజ చేశారో చెప్పే ఆధారం ఎక్కడా లేదు. కాబట్టి నేటి డ్రూయిడ్‌లు చేసే ఏ క్రతువూ ఆ కాలం నుంచి అవిచ్ఛిన్నంగా వచ్చింది కాదు, కాగల అవకాశమూ లేదు.

మరి నేటి డ్రూయిడ్ మార్గం ఎక్కడి నుంచి వచ్చింది? 18వ శతాబ్దపు బ్రిటన్ నుంచి. 1781లో లండన్‌లోని ఒక మద్యశాలలో ఏన్షెంట్ ఆర్డర్ ఆఫ్ డ్రూయిడ్స్ అనే సంఘం మొదలైంది. అది మతం కాదు, సభ్యుల మధ్య స్నేహాన్నీ పరస్పర సహాయాన్నీ పెంచడానికి ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం పద్ధతిలో ఏర్పడిన సంఘం. అంతకంటే ముఖ్యమైనది పదకొండేళ్ల తరువాత జరిగింది. వేల్స్‌లోని గ్లమోర్గన్ ప్రాంతానికి చెందిన ఎడ్వర్డ్ విలియమ్స్ అనే రాతిపని మేస్త్రీ, ఇయోలో మోర్గనుగ్ అన్న కలంపేరుతో కవిగా ప్రసిద్ధుడు, 1792 జూన్ 21న లండన్‌లోని ప్రింరోజ్ హిల్‌పై చిన్న రాళ్లను వలయంగా పేర్చి గోర్సెడ్ అనే కవుల సభను జరిపాడు. అది అనాదిగా వస్తున్న డ్రూయిడ్ సభ అని చెప్పాడు. తన మాటకు ఆధారంగా ఎన్నో ప్రాచీన వెల్ష్ రాతప్రతులను చూపించాడు. వాటిలో చాలా భాగం ఆయన స్వయంగా సృష్టించినవేనని ఇరవయ్యో శతాబ్దంలో వెల్ష్ పండితులు పరిశోధించి తేల్చారు.

ఇయోలోను ఒట్టి మోసగాడని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. ఇంగ్లిష్ భాష ఒత్తిడిలో చిన్నబోతున్న తన మాతృభాషకూ, కవులకూ ఒక గౌరవస్థానం కల్పించాలని ఆయన తపించాడు. 1819లో కార్మార్థెన్ పట్టణంలో జరిగిన కవితోత్సవంతో గోర్సెడ్‌ను జతచేశాడు. ఆ బంధం నేటికీ వేల్స్ జాతీయ కవితోత్సవమైన ఐస్టెడ్‌ఫోడ్‌లో కొనసాగుతూ, ఉత్తమ వెల్ష్ కవులకు ఏటా కిరీటమూ పీఠమూ సమర్పిస్తోంది. ఈ వెల్ష్ గోర్సెడ్ సాంస్కృతిక సంస్థ, అందులో మతవిశ్వాసం ప్రసక్తి లేదు. 2002లో క్రైస్తవ మతాచార్యుడైన రోవన్ విలియమ్స్, కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ పదవికి ఎంపికైన కొద్ది రోజులకే, గోర్సెడ్‌లో గౌరవ సభ్యత్వం స్వీకరించినప్పుడు కొందరు ఆయన అన్యమతంలో చేరారని గగ్గోలు పెట్టారు. తెల్లని అంగీ చూసి మతాన్ని నిర్ణయించే అలవాటు ఒక్క మన పత్రికలకే పరిమితం కాదన్నమాట. అయితే ఇయోలో కల్పించినవి అక్కడితో ఆగలేదు. మూడు కిరణాల గుర్తు, కవిలో ప్రవహించే అవెన్ అనే దివ్యప్రేరణకు ఇచ్చిన విశేష ప్రాధాన్యం, క్రతువులన్నీ సూర్యుని సమక్షంలో, వెలుతురు కళ్లెదుట జరగాలన్న నియమం, శాంతి ఉందా అని ముమ్మారు అడిగి జవాబు అందుకునే పద్ధతి - ఇవన్నీ ఆయన నుంచే ఆధునిక డ్రూయిడ్ మతసాధనలోకి వచ్చాయి.

ఆ మతసాధన స్పష్టంగా రూపు దిద్దుకున్నది ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో. 1905 ఆగస్టులో ఏన్షెంట్ ఆర్డర్ ఆఫ్ డ్రూయిడ్స్ వారు స్టోన్‌హెంజ్‌లో వందలాది మందికి సామూహిక దీక్ష ఇచ్చారు, కృత్రిమ గడ్డాలతో సహా. తరువాత కొన్నేళ్లకే జార్జ్ వాట్సన్ మెక్‌గ్రెగర్ రీడ్ నాయకత్వంలోని మరో బృందం అక్కడ వేసవి అయనాంత (ఏడాదిలో పగలు అతి దీర్ఘమైన రోజు) ఉదయాన పూజలు జరపడం మొదలుపెట్టింది. ఆ బృందమే తరువాత ఏన్షెంట్ డ్రూయిడ్ ఆర్డర్‌గా ప్రసిద్ధమైంది. ఈ పేరును గుర్తుంచుకోవాలి, ఎందుకంటే విక్కా కథ ఇక్కడే వచ్చి కలుస్తుంది.

విక్కాను లోకానికి పరిచయం చేసిన జెరాల్డ్ గార్డ్‌నర్ 1884లో ఇంగ్లండ్‌లో పుట్టారు. సిలోన్, బోర్నియో, మలయాలలో జీవితంలో పెద్ద భాగం గడిపి, మలయాలో కస్టమ్స్ అధికారిగా పనిచేసి, 1936లో పదవీ విరమణ పొందారు. దక్షిణ ఇంగ్లండ్‌లోని న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఒక రహస్య బృందం తనకు 1939లో దీక్ష ఇచ్చిందని, అది క్రైస్తవానికి ముందునుంచీ దాగి వస్తున్న మతమని ఆయన చెప్పారు. 1735 నాటి మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయింది. 1954లో ఆయన తన మతం గురించి బహిరంగంగా పుస్తకం ప్రచురించారు. దాగివస్తున్న మతం అన్న భావనకు ఆధారం మార్గరెట్ ముర్రే అనే పండితురాలు 1921లో ప్రతిపాదించిన సిద్ధాంతం: ఐరోపాలో మంత్రగత్తెలన్న నిందతో శిక్షకు గురైనవారు నిజానికి ఒక ప్రాచీన సంతాన దేవతా మతానికి చెందినవారని ఆమె వాదించారు. చరిత్రకారులు ఆ వాదాన్ని నిలువునా తిరస్కరించారు. ఆ విచారణల్లో, రమారమి మూడు శతాబ్దాల కాలంలో, నలభై నుంచి అరవై వేలమంది మరణశిక్షకు గురయ్యారని నేటి అంచనా. మీ వ్యాసంలో కనిపించిన తొంభై లక్షలన్న సంఖ్యకు ఏ ఆధారమూ లేదు. చనిపోయినవారిలో అత్యధికులు ఇరుగుపొరుగుల ద్వేషానికి బలైన సామాన్య క్రైస్తవులు. వారిని ఒక రహస్య మతానికి అమరవీరులుగా చేయడం వారి అసలు బాధను మరుగుపరచడమే అవుతుందని నా అభిప్రాయం.

గార్డ్‌నర్ చేతిలోని క్రతువుల పుస్తకంలో ఫ్రీమేసన్ల దీక్షా పద్ధతి, 1888లో లండన్‌లో స్థాపితమైన గోల్డెన్ డాన్ అనే మంత్రసాధకుల సంఘపు విధానాలు, అలిస్టర్ క్రౌలీ అనే మంత్రసాధకుడి రచనల నుంచి తీసుకున్న భాగాలు కనిపిస్తాయి. 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటె ఆ అరువు మాటలను వెంటనే గుర్తుపట్టి గురువును నిలదీశారు. అంతకంటే మెరుగ్గా రాయగలిగితే రాయమని ఆయన అన్నారు, ఆమె రాశారు. దేవి తన భక్తులతో నేరుగా మాట్లాడినట్టు సాగే విక్కా ముఖ్య పాఠం నేడు వాడుకలో ఉన్న వచన రూపంలో ఆమె కలం నుంచే వచ్చింది. విక్కాను గార్డ్‌నర్ ఒక్కరి సృష్టిగా చెప్పే కథనాలన్నీ ఆమెకు అన్యాయం చేస్తున్నాయి. ఆమె భాష లేకపోతే ఆ మతం కొద్దిమంది ఔత్సాహికుల మధ్యే ఆగిపోయి ఉండేదేమో.

ఇప్పుడు ఆ రెండు మార్గాల బంధుత్వం. రాస్ నికల్స్ అనే కవి, లండన్‌లో ఒక ప్రైవేటు కళాశాలకు ప్రధానాచార్యుడు, గార్డ్‌నర్‌కు మిత్రుడు. దుస్తులు లేకుండా ఆరుబయట ఎండలో గడపడం ఆరోగ్యమని నమ్మేవారి క్లబ్బులు హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బ్రికెట్ వుడ్ పరిసరాల్లో ఉండేవి; వారిద్దరికీ ఆ లోకంతో సంబంధం ఉంది. ఇద్దరూ ఏన్షెంట్ డ్రూయిడ్ ఆర్డర్ సభ్యులే. అంటే విక్కాను లోకానికి పరిచయం చేసిన వ్యక్తి స్వయంగా డ్రూయిడ్ సంఘంలో సభ్యుడు. వాలియెంటె జ్ఞాపకాల్లో దీనికి అద్దంపట్టే ఒక సంఘటన ఉంది: 1953 వేసవి అయనాంత సమయంలో ఆమెకు దీక్ష ఇచ్చినప్పుడు, గార్డ్‌నర్ తనవద్దనున్న ఒక ఖడ్గాన్ని స్టోన్‌హెంజ్‌లో డ్రూయిడ్‌ల పూజకు ఇవ్వడానికి తీసుకువెళ్తున్నారు. అక్కడి హీల్ స్టోన్ అనే శిల చీలికలో ఆ కత్తి సరిగ్గా అమరేదట. రాత్రి ఒక మార్గంలో దీక్ష ఇచ్చి, ఆ వెంటనే మరో మార్గం వారి పగటి పూజకు సాయపడటంలో ఆయనకు ఏ వైరుధ్యమూ కనిపించలేదు. ఆ కాలపు వాతావరణాన్ని ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఈ స్నేహం మిగిల్చిన గొప్ప ఫలితం సంవత్సర చక్రం. విక్కా బృందాలు మొదట ఐర్లండ్ సంప్రదాయం నుంచి తీసుకున్న నాలుగు పండుగలకు పెద్దపీట వేసేవి: అక్టోబర్ 31న సావిన్, ఫిబ్రవరి తొలి రోజుల్లో ఇంబోల్క్, మే 1న బెల్టేన్, ఆగస్టు 1న లూనసా. ఏన్షెంట్ డ్రూయిడ్ ఆర్డర్ వారు రేయింబవళ్లు సమానమయ్యే రెండు విషువత్తులను, వేసవి అయనాంతాన్ని జరుపుకునేవారు. వసంత విషువత్తు లండన్‌లోని టవర్ హిల్‌పై, శరద్విషువత్తు ప్రింరోజ్ హిల్‌పై. 1950ల చివర గార్డ్‌నర్‌కు చెందిన బ్రికెట్ వుడ్ బృందం సూర్యగతి పండుగలను కూడా మిగతా నాలుగింటితో సమాన స్థాయికి తెచ్చింది. ఇటు 1964లో నికల్స్ ఏన్షెంట్ డ్రూయిడ్ ఆర్డర్ నుంచి విడివడి ఆర్డర్ ఆఫ్ బార్డ్స్, ఓవేట్స్ అండ్ డ్రూయిడ్స్ అనే సంస్థను స్థాపించినప్పుడు శీతకాల అయనాంతాన్నీ, ఆ నాలుగు ఐరిష్ పండుగలనూ తన క్రమంలో చేర్చుకున్నారు. ఆ విధంగా నేడు రెండు మార్గాలవారూ ఏడాదికి ఎనిమిది పండుగలు, ఇంచుమించు ఒకే రోజుల్లో జరుపుతారు. ప్రాచీన ఐరోపాలో ఏ జాతీ ఈ ఎనిమిదింటినీ ఒక చక్రంగా జరుపుకున్నట్టు ఆధారం లేదు. అయినా పంటలు, పశువులు, వెలుతురు, చీకటి చుట్టూ ఏడాదంతా మనసును నిలిపే ఆ క్రమం అందమైనది, నిజాయితీగా కూర్చినది. దాని వయసు డెబ్భై ఏళ్లలోపే కావడం దానికి లోపం కాదు.

ఆ ఒకే రోజులకు పేర్లు మాత్రం రెండు రకాలు. వేసవి అయనాంతాన్ని విక్కా అనుయాయులు చాలామంది లితా అంటారు, డ్రూయిడ్‌లు ఆల్బన్ హెవిన్ అంటారు. శీతకాల అయనాంతం విక్కాలో యూల్, డ్రూయిడ్‌లకు ఆల్బన్ ఆర్థన్. మొదటి వరుసలో కొన్ని పేర్లు 1970లలో అమెరికాలో ప్రచారంలోకి వచ్చాయి, రెండో వరుస మళ్లీ మన ఇయోలో చలవే.

పండుగలు కలిసినంత మాత్రాన లోపలి సాధన కలవలేదు. గార్డ్‌నర్ పరంపరకు చెందిన విక్కా దీక్షామతం. కవెన్ అనే చిన్న బృందం, సంప్రదాయం ప్రకారం పదముగ్గురికి మించకుండా, ఒక ప్రధాన పూజారిణి ఆధ్వర్యంలో రాత్రివేళ, ముఖ్యంగా పౌర్ణమినాడు, లోకం కంటపడకుండా సమావేశమవుతుంది. చంద్రునితో ముడిపడిన దేవి, కొమ్ములు గల దేవుడు అనే దివ్యదంపతులు వారి ఆరాధ్యులు. గార్డ్‌నర్ పరంపరలో వారి నామాలను దీక్ష లేనివారికి చెప్పరు. పూజకు ముందు కత్తితో నేలపై వలయం గీసి, ఆ వలయాన్ని రెండు లోకాల మధ్యనున్న పవిత్రస్థలంగా భావించి, అందులో పెంపొందించిన శక్తిని ఒక ఫలం కోసం పంపుతారు. ఒకరి రోగం తగ్గాలనో, ఒకరికి రక్షణ కలగాలనో సంకల్పించి చేసే ఈ మంత్రక్రియ వారి మతంలో అంతర్భాగం, అలంకారం కాదు. పూజారిణిలోకి దేవిని ఆవాహన చేయడం వారి అత్యున్నత క్రతువు. ఎవరికీ హాని కలగనంతవరకు నీ సంకల్పం ప్రకారం నడుచుకో అన్నది వారి నీతిసూత్రం. 1964లో వాలియెంటె ఒక ప్రసంగంలో చెప్పిన రూపంలో అది అంతటా వ్యాపించింది.

డ్రూయిడ్ మార్గంలో ఇవేవీ తప్పనిసరి కావు. దానికి నిర్ణీతమైన దేవతాద్వయం లేదు. బహుదేవతారాధకులు, ప్రకృతినే దైవంగా చూసేవారు, దేవుణ్ణి నమ్మనివారు, చివరికి క్రైస్తవులు కూడా ఒకే వలయంలో నిలబడతారు; నికల్స్ కూడా క్రైస్తవాన్ని వదులుకోలేదు. వారు కోరేది మంత్రశక్తి కంటే ముందు అవెన్ అనే ప్రేరణను. సాధకుడు మొదట బార్డ్, అంటే కవిగా గాయకుడిగా కథకుడిగా తన సృజనను మేల్కొల్పుకుంటాడు. తరువాత ఓవేట్‌గా చెట్లు, ఓషధులు, శకునజ్ఞానం అభ్యసిస్తాడు. ఆ పైనే డ్రూయిడ్. బార్డ్‌ల శిక్షణలో వెల్ష్ కథ ఒకటి కేంద్రంగా ఉంటుంది: కెరిద్వెన్ అనే మంత్రజ్ఞురాలి కొప్పెరను ఏడాది ఒక రోజు పాటు కలియబెట్టిన గ్వియోన్ అనే బాలుడి వేలిపై మూడు చుక్కలు పడగా, ఆ వేలిని నోట పెట్టుకుని సర్వజ్ఞానం పొంది, ఎన్నో రూపాలు మారి చివరికి తాలియెసిన్ అనే మహాకవిగా పుడతాడు. మంత్రశక్తి కాదు, కవిత్వం ఆ కథలోని పరమ వరం. దానికి తగ్గట్టే వారి సభలు సాధారణంగా పగటిపూట, అందరికీ కనిపించేలా జరుగుతాయి. దిక్కులన్నింటికీ శాంతి ప్రకటించిన తరువాతే పూజ మొదలవుతుంది. విక్కా వలయం శక్తిని లోపల నిలిపేందుకు గీసేది, డ్రూయిడ్‌ల వలయం ప్రధానంగా శాంతి నెలకొల్పి అతిథుల్ని ఆహ్వానించేది. ఒకే ఆకారానికి రెండు భావాలు. నాకు తెలిసినంతలో ఈ రెండు మార్గాల తేడా అంతా అక్కడే ఉంది.

అయితే ఈ గీతను మరీ ముదురుగా గీయకూడదు. నికల్స్ సంస్థ క్రతువుల్లో కూడా నాలుగు దిక్కులకు నాలుగు భూతాలను - తూర్పున గాలి, దక్షిణాన నిప్పు, పడమట నీరు, ఉత్తరాన నేల - పిలిచే పద్ధతి ఉంది. అదే విక్కాలోనూ ఉంది. ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టారని దీనికి అర్థం కాదు. ఇద్దరికీ వెనక ఆ కాలపు బ్రిటన్ మంత్రసాధక సంఘాల ఉమ్మడి ఆస్తి ఉంది. మూడు మెట్ల దీక్ష కూడా ఆ ఆస్తిలోదే, దాన్ని ఫ్రీమేసన్లు ఎప్పుడో స్థిరపరిచారు. రెండింటిలోనూ పునర్జన్మను నమ్మేవారు విస్తారంగా ఉన్నారు.

అట్లాంటిక్ దాటాక ఈ రెండూ కొత్త దారులు తొక్కాయి. గార్డ్‌నర్ పరంపరలో 1963లో దీక్ష తీసుకున్న రేమండ్ బక్లాండ్ విక్కాను అమెరికాకు చేర్చారు. 1971 నుంచి జుజానా బుడాపెస్ట్ స్త్రీలకు మాత్రమే ప్రవేశమున్న డయానిక్ శాఖను నడిపారు, 1979లో స్టార్‌హాక్ అనే రచయిత్రి పుస్తకంతో దేవీ ఆరాధన పర్యావరణ ఉద్యమంతోనూ స్త్రీవాదంతోనూ పెనవేసుకుంది. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ఒంటరి సాధకుల కోసం పుస్తకం రాయడంతో, కవెన్ లేకుండానే, గురువు లేకుండానే తమకు తాము దీక్ష ఇచ్చుకునేవారు వేలల్లో పుట్టుకొచ్చారు. పరంపరాగత దీక్ష లేనివారిని విక్కా అనుయాయులని పిలవవచ్చా అన్న వాదం నేటికీ ఆ మతంలో తెగలేదు. నా మట్టుకు పరంపరవాదుల ఆవేదన సబబే అనిపిస్తుంది, ఎందుకంటే రహస్య దీక్ష ఆ మతపు ప్రాణం. కానీ పుస్తకం చదివి చిత్తశుద్ధితో పౌర్ణమినాడు దీపం వెలిగించుకునే వ్యక్తి భక్తిని కాదనగల అధికారం ఎవరికుంది?

డ్రూయిడ్‌ల కథ అక్కడ మరీ విచిత్రంగా మొదలైంది. మిన్నెసోటాలోని కార్ల్‌టన్ కళాశాలలో విద్యార్థులు మతసంబంధమైన కార్యక్రమాలకు విధిగా హాజరు కావాలనే నిబంధన ఉండేది. దానికి నిరసనగా 1963లో కొందరు విద్యార్థులు రిఫార్మ్‌డ్ డ్రూయిడ్స్ ఆఫ్ నార్త్ అమెరికా అనే మతాన్ని స్థాపించి, తమ కొండపై పూజలకు హాజరును లెక్కలో చేర్చమన్నారు. నిబంధన మరుసటి ఏడాదే పోయింది, మతం పోలేదు. ప్రకృతి మంచిదన్న ఒక్క సూత్రంతో సాగిన ఆ సభలు కొందరి హృదయాలను నిజంగానే తాకాయి. వారిలో తరువాత చేరిన ఐజాక్ బోన్‌విట్స్ 1983లో ఏడీఎఫ్ (ఐరిష్ పేరుకు పొడి అక్షరాలు) అనే డ్రూయిడ్ సంస్థను నెలకొల్పి, అక్కడ ప్రాచీన ఇండో-యూరోపియన్ మతాల గురించి పండితులు చెప్పినదానికి కట్టుబడాలని పట్టుబట్టారు. ఇయోలో కల్పనలపై ఆధారపడిన బ్రిటిష్ డ్రూయిడ్‌ల కంటే ఇది పూర్తిగా వేరు దారి. అంటే విక్కాతో పోల్చడం అటుంచి, డ్రూయిడ్ మార్గంలోనే ఒకటికి మించిన మతాలున్నాయి.

చట్టం దృష్టిలో కూడా వీటి ప్రయాణం విడివిడిగానే సాగింది. విక్కా రాజ్యాంగ రక్షణకు అర్హమైన మతమేనని 1986లో అమెరికా నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక ఖైదీ కేసులో అంగీకరించింది. మరణించిన విక్కా సైనికుల సమాధులపై పెంటకిల్ అనే ఐదు కోణాల నక్షత్ర చిహ్నాన్ని చెక్కడానికి ఆ దేశపు మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 2007లో అనుమతించింది. బ్రిటన్‌లో 2010లో డ్రూయిడ్ నెట్‌వర్క్ అనే సంస్థను ఇంగ్లండ్, వేల్స్ చారిటీ కమిషన్ మతప్రచారం కోసం పనిచేసే ధర్మసంస్థగా నమోదు చేసుకుంది. 2011 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్‌లలో 56,620 మంది తమను పేగన్లుగానూ (ఇటువంటి ప్రకృతి, ప్రాచీన దేవతారాధన మార్గాలకు ఉమ్మడి పేరు), 11,766 మంది విక్కాగానూ, 4,189 మంది డ్రూయిడ్‌లుగానూ రాయించుకున్నారు. ఆ ప్రజలే విడివిడి పేర్లు రాయించుకుంటున్నప్పుడు, దూరాన ఉన్న మనం వారిని ఒకే గాటన కట్టడం ఎలా న్యాయమవుతుంది?

క్షుద్రోపాసన అన్న నిందకు జవాబు చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. సైతాను క్రైస్తవ విశ్వాసంలోని పాత్ర. ఆ విశ్వాసంలో లేనివారికి అతను లేడు, అతని పూజా లేదు. విక్కాలోని కొమ్ముల దేవుడు అడవికీ, వేటకూ, చావుకూ, తిరిగి చిగురించడానికీ అధిపతి. కొమ్ములు చూసి సైతాను అనుకోవడం మధ్యయుగపు చర్చి చిత్రాలు నేర్పిన అలవాటు. నక్షత్ర చిహ్నం సంగతీ అంతే. డ్రూయిడ్‌ల మూడు కిరణాల గుర్తుకైతే ఈ నింద కూడా అంటలేదు, అయినా మీ వ్యాసంలో వారిపైకీ అది పాకింది. ఈ మార్గాల్లో ఉన్నవారు ఉద్యోగాలు పోగొట్టుకున్న సందర్భాలు, పిల్లల సంరక్షణ వ్యాజ్యాల్లో మతమే నేరమైనట్టు ప్రశ్నలు ఎదుర్కొన్న సందర్భాలు ఉన్నాయి. దూరదేశం వారి గురించే కదా అని అచ్చువేసే ఒక అజాగ్రత్త మాట కూడా అటువంటి నిందలకు బలాన్నిస్తుంది.

నికల్స్ 1975లో మరణించాక ఆయన సంస్థ దాదాపు మూతబడింది; ఆయన వద్ద యువకుడిగా శిక్షణ పొందిన ఫిలిప్ కార్-గోమ్ 1988లో దాన్ని పునరుద్ధరించి, ఉత్తరాల ద్వారా పాఠాలు పంపే పద్ధతిని ప్రవేశపెట్టడంతో అది వివిధ దేశాలకు విస్తరించింది. 2002లో ఆయన విక్కానూ డ్రూయిడ్ సాధననూ కలిపి ఆచరించే దారిని వివరిస్తూ ఒక పుస్తకం కూడా రాశారు. అర్ధశతాబ్దం కిందట గార్డ్‌నర్, నికల్స్ స్నేహంలో మొదలైన సంభాషణకు అది సహజమైన కొనసాగింపు. పౌర్ణమి రాత్రి కవెన్‌లోనూ, అయనాంత ఉదయాన డ్రూయిడ్‌ల వలయంలోనూ నిలబడేవారు నేడు ఎందరో ఉన్నారు. వారినే అడిగినా, ఆ రోజు తాము ఏ సంప్రదాయం ప్రకారం నిలబడ్డారో తడుముకోకుండా చెబుతారు. వార్తా సంస్థల ఫొటోలకు వివరణ రాసే మీ ఉపసంపాదకులు ఆ ఒక్క ప్రశ్న అడిగి తెలుసుకునే ఏర్పాటు చేయాలనీ, ఈ వివరణకు రాబోయే సంచికలో చోటు కల్పించాలనీ సవినయంగా కోరుతున్నాను.

భవదీయుడు,
మతాల చరిత్ర చదివే ఒక పాఠకుడు